ఆకుపచ్చ చుక్క

సిద్దిపేటలో చాలా ఇళ్లకు రెండు రకాల నీళ్లు వస్తాయి. ఒకటి బోరుది, ఒకటి నల్లాది. బోరు నీళ్లు గ్రానైటు రాళ్ల సందుల్లోంచి ఊరినవి. బకెట్టు అంచున తెల్లటి చార కడతాయి, పప్పును తొందరగా ఉడకనివ్వవు. నల్లా నీళ్లు నది నుంచి వచ్చినవి. కరీంనగర్ పక్కనున్న దిగువ మానేరు నుంచి సిద్దిపేటకు తాగునీళ్లు తెచ్చిన పథకమే తర్వాత మిషన్ భగీరథకు నమూనా అయింది. ఆ మిషన్‌ను 2016 ఆగస్టు 7న ప్రారంభించింది కూడా మన గజ్వేల్ దగ్గరి కోమటిబండలోనే. ఈ నీళ్లకూ ఆ నీళ్లకూ తేడా ఏమిటో వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. గాజు తొట్టిలో చేపలతో పాటు మొక్కలు పెంచేవాళ్లు మాత్రం ఆ తేడాను లెక్కగా తెలుసుకోవాలి. తొట్టిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలవాలంటే ముందు ఆ నీటి గుణం తెలియాలి.

మొక్కకు ఆ వాయువే తిండి. గాలిలో పెరిగే చెట్టుకు కొదవ లేదు, ఆకు చుట్టూ గాలి కదులుతూనే ఉంటుంది. నీళ్లలో మునిగిన ఆకు సంగతి వేరు. కార్బన్ డయాక్సైడ్ గాలిలో పాకినంత వేగంగా నీటిలో పాకలేదు, దాదాపు పదివేల రెట్లు నెమ్మది. ఊరికే గాలికి పెట్టిన నీటిలో అది లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకే నిలుస్తుంది. మొక్కల తొట్లు ముచ్చటగా పెంచేవాళ్లు దాన్ని 30 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్తారు. జపాన్‌లోని నీగాతాకు చెందిన తకాషి అమానో ఈ పద్ధతిని ప్రపంచమంతా పాకించారు. ఆయన 2015లో కన్నుమూశారు. సిలిండర్, రెగ్యులేటర్, సన్నని బుడగలుగా విడగొట్టే డిఫ్యూజర్: ఇవాళ హైదరాబాద్‌లో దొరికే సరంజామా అంతా ఆ బాటలోదే.

బుడగలు లెక్కపెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. బుడగల లెక్క సిలిండర్ నుంచి ఎంత వెళ్లిందో చెబుతుంది, నీటిలో ఎంత కరిగిందో చెప్పదు. నీటిపైన అలలు ఎక్కువుంటే సగం గాలిలో కలుస్తుంది. నీటిలో ఉన్నదాన్ని పట్టుకోవాలంటే రెండు అంకెలు కావాలి: పీహెచ్, కార్బొనేట్ కాఠిన్యం. కాఠిన్యం 4 డిగ్రీలున్న నీటిలో పీహెచ్ 6.6కు దిగితే కార్బన్ డయాక్సైడ్ లీటరుకు 30 మిల్లీగ్రాములున్నట్టు. అదే 15 డిగ్రీల గట్టి బోరు నీళ్లయితే పీహెచ్ 7.2 దగ్గరే ఆ 30 వచ్చేస్తుంది. నల్లా నీళ్లకు రాసిన లెక్కను బోరు నీళ్ల తొట్టికి పెట్టి 6.6 దాకా గ్యాస్ వదిలితే 100 మిల్లీగ్రాములు దాటిపోతుంది. చేపలు బతకవు. పీహెచ్ ఒక్క అంకె దిగిందంటే వాయువు పది రెట్లు పెరిగినట్టని గుర్తుంటే చాలు, చెయ్యి తొందరపడదు. తొట్టిలో బాదం ఆకులో చెట్టు మోడో ఉన్నా పీహెచ్ వాటివల్ల కూడా దిగుతుంది. అప్పుడు ఈ లెక్క ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఈ చిక్కులన్నీ దాటించేది డ్రాప్ చెకర్. తొట్టి లోపలి గోడకు అతికించే చిన్న గాజు గిన్నె అది. మూతి కిందికి ఉంటుంది. అందులో పోసే ద్రవానికీ తొట్టి నీళ్లకూ నడుమ కాస్త గాలి అడ్డం. తొట్టి నీళ్లలోని వాయువు మాత్రమే ఆ గాలి దాటి ద్రవంలోకి వెళ్తుంది, సున్నమూ ఆకుల పులుపూ దాటలేవు. లోపలి ద్రవం 4 డిగ్రీల కాఠిన్యంతో మనం చేసిపెట్టుకున్నదే కాబట్టి లెక్క తప్పదు. దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. సన్నకాటా ఉన్న బంగారం దుకాణంలో 1.2 గ్రాముల వంటసోడా తూయించి, లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించాలి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తోనే లీటరు చేస్తే 4 డిగ్రీలు. పైన బ్రోమోథైమాల్ బ్లూ చుక్కలు కొన్ని. ద్రవం నీలంగా ఉంటే మొక్కలకు వాయువు చాలడం లేదు. పసుపైతే చేపలకు ముప్పు. లేత ఆకుపచ్చ తిరిగితే 30 దగ్గర. రంగు మారడానికి గంట, రెండు గంటలు పడుతుంది. కాబట్టి అది చూపేది ఇప్పటి సంగతి కాదు, కాసేపటి కిందటిది. వాల్వ్ తిప్పి, రంగు మారలేదని మళ్లీ తిప్పడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది.

అయినా అసలు కొలత చేప. నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చేప రక్తం ఆక్సిజన్‌ను పట్టుకోలేదు. ఆక్సిజన్ నిండుగా ఉన్నా ఊపిరాడదు. మొప్పలు గబగబా కొట్టుకుంటాయి, చేప పైకొచ్చి నీటి అంచున నోరు తెరుస్తుంది. సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద వల ఆరేసుకుంటున్న ఒక పెద్దాయనను, "కాకా, నీళ్లు ఖరాబైనయని ఎట్ల తెలుస్తది?" అని అడిగితే, "తెల్లారగట్ల చూడాలె బిడ్డా. మూతులు పైకి పెట్టి గుటకలేస్తున్నయంటే నీళ్లల్ల గాలి లేనట్టే" అన్నాడు. చెరువైనా తొట్టైనా గడ్డుకాలం అదే. రాత్రంతా మొక్కలూ మనలాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, తెల్లవారేసరికి ఒకటి అడుగంటి రెండోది పేరుకుంటుంది. అందుకే గ్యాస్ రాత్రి నడవకూడదు. లైటు వెలగడానికి గంటా రెండు గంటల ముందు మొదలై, ఆరడానికి గంట ముందే ఆగిపోవాలి.

మన ఊళ్లో ఇంకొకటి కూడా లెక్కలోకి తీసుకోవాలి: కరెంటు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు పోవడం మామూలే. కరెంటు లేకుంటే మూసుకునే సోలినాయిడ్ వాల్వ్ ఉంటే గ్యాస్ దానంతటదే ఆగుతుంది. చేతితో తిప్పే వాల్వ్ ఒక్కటే ఉన్న తొట్టిలో లైటు ఆరుతుంది, ఫిల్టర్ ఆగుతుంది, గ్యాస్ మాత్రం పోతూనే ఉంటుంది. అసలే వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. ఖర్చు తగ్గించుకోవాలంటే డిఫ్యూజర్ దగ్గర తగ్గించుకోండి, వాల్వ్ దగ్గర వద్దు.

అసలు సిలిండర్ అక్కర్లేని తొట్టి కూడా అందమైనదే అంటాను. పదో తరగతిలో గరాటు బోర్లించి, పరీక్షనాళిక కింద బుడగలు లెక్కపెట్టిన హైడ్రిల్లా మన చెరువుల మొక్కే. చిటికెడు వంటసోడా వేస్తే బుడగలు జోరందుకున్నది గుర్తుందా? నీటిలోని బైకార్బొనేట్ నుంచి కూడా అది కార్బన్ తీసుకోగలదు. మన గట్టి బోరు నీళ్లలో ఉన్నది అదే. జగదీశ్ చంద్రబోస్ హైడ్రిల్లా బుడగలను వాటంతటవే నమోదుచేసే యంత్రం కట్టి, ఆ పరిశీలనలతో 1924లో పుస్తకం వేశారు. వేసవిలో ఈ మొక్క తిండి తీసుకునే తీరే మారుతుందని గమనించారు. ఆ పరిశీలన విలువను మళ్లీ వెలుగులోకి తెచ్చినవారిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆగేపాటి రాఘవేంద్ర ఒకరు, తిరుపతిలో వి.ఎస్. రామదాసు గారి దగ్గర చదువుకున్నవారు. వాలిస్నేరియా కూడా ఇలా బైకార్బొనేట్‌తో నెట్టుకొచ్చేదే. దక్షిణ భారతపు ఎర్రటి రొటాలా మాక్రాండ్రా కావాలంటే మాత్రం గ్యాస్ తప్పదు.

కాబట్టి తొట్టి పెట్టాలనుకునే మిత్రులారా, ముందు మీ నీళ్ల కాఠిన్యం కొలవండి. గట్టి నీళ్లయితే హైడ్రిల్లా, వాలిస్నేరియాలతో మొదలుపెట్టండి. గ్యాస్ పెట్టాలనే ఉంటే సిలిండర్ కంటే ముందు డ్రాప్ చెకర్, సోలినాయిడ్, టైమర్ కొనండి. మొదటిసారి వాల్వ్ తిప్పే రోజు ఇంట్లో ఉండగలిగే ఆదివారం పెట్టుకుని, చేపలను సాయంత్రం దాకా చూస్తూ ఉండండి.