ఆదోని దారిలో అరబ్బీ మాటలు

ఆదోనిలో కోట చూడబోయినవారు షాహీ జామియా మసీదు కూడా చూసి వస్తారు. బిజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలిన సిద్దీ మసూద్‌ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన మసీదు అది. ఆ నవాబే మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇనాముగా ఇచ్చాడనీ, నేటి మంత్రాలయం అదేననీ ప్రతీతి. ఈ ‘ఇనాం’ అన్న మాట చూడండి. ఖురాను తొలి అధ్యాయంలో దేవుని అనుగ్రహాన్ని చెప్పే క్రియ, ఇదీ ఒకే అరబ్బీ ధాతువు బిడ్డలు. దైవకృప కాస్తా మన దస్తరాల్లోకి వచ్చి మాన్యం భూమి అయి కూర్చుంది! ‘హక్కు’ కథా అంతే. అరబ్బీలో అది సత్యం. దేవుని నామాలలో ఒకటి. మనమేమో గట్టు తగాదాలకు వాడుకుంటున్నాం.

పత్తిచేల మధ్యగా మగ్గాల ఊరైన ఎమ్మిగనూరుకు సాగితే, ఆ చుట్టుపట్ల పల్లెల్లో పీర్ల చావిళ్లు కనిపిస్తాయి. పీరు పారసీ మాట, పెద్దాయన అని అర్థం. ‘ఉరుసు’ అరబ్బీలో పెళ్లి. మహాత్ముడు కన్నుమూసిన నాడు దేవునితో ఆయనకు కల్యాణమని సూఫీల భావన. మన జనం ఆ అర్థం అడక్కుండానే బండ్లు కట్టుకుని ఉరుసుకు పోయేవారు. నోరు తిరగని ‘ఫాతిహా’ను మాత్రం చక్కగా తెనిగించుకున్నారు: పీర్ల దగ్గర చక్కెర ‘చదివిస్తారు’. పెళ్లి చదివింపులు వేరు సుమా!

సముద్రం దాటి మలయా భాష మాట్లాడే ముస్లిముల దగ్గరకు పోతే కథ తిరగబడుతుంది. అరబ్బీ మాటలు వారికీ కొల్లలు. అయినా రంజాను ఉపవాసం వారికి ‘పువాసా’, పుణ్యఫలం ‘పహలా’, పాపం ‘దోసా’ (మన అట్టు కాదు, దోషం!). స్వర్గనరకాలూ సంస్కృతం నుంచి వెళ్లినవే. ఇక మన సీమలో మొక్కు తీర్చి పొట్టేలు కోసి పెట్టే ‘కందూరు’ అక్కడ ‘కెందూరి’ అనే విందు. రెండింటికీ పుట్టిల్లు పారసీ.

వ్యాకరణంలో ఇటువంటివాటిని అన్యదేశ్యాలని పాఠం చెబుతాను. మరి ఫకీరప్పను ఏ దేశ్యమనాలి? ‘ఫకీరు’ అరబ్బీ, బీదవాడని అర్థం; ‘అప్ప’ మనది. ఫకీరప్ప, హుసేనప్ప, మస్తానమ్మ, ఇవి ఈ ప్రాంతపు హిందువుల ఇళ్లలోని పేర్లు. పీరుకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డలకు పెట్టినవి. నా హాజరుపట్టీలో విద్యార్థులకు ఆ పేర్లు రానురాను కరువవుతున్నాయి. తండ్రి పేరు రాసే గడిలో ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. మొన్న ఒక కుర్రవాడు ఆ గడి నింపుతూ ‘హుసేనప్ప’ అని రాసి, పక్కవాడు చూడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.