మాధవరము చూచివచ్చితిమి

యాత్రయనగానే మనకు అన్నవరమో, ద్వారకాతిరుమలయో జ్ఞప్తికి వచ్చును. ఈ సంక్రాంతి సెలవులలో మేము చూచివచ్చినది అట్టి పుణ్యక్షేత్రము కాదు. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమను గ్రామము. జనులు దానిని 'మిలిటరీ మాధవరము' అని పిలుతురు.

మేమచ్చటికి పోవుటకు కారణము మా అన్నగారు. ఆయన ఇరువదవ యేట సైన్యమున చేరి, పదునేడేండ్లు వాహనముల మరమ్మతు విభాగమున పనిచేసి ఇల్లు చేరిరి. లడఖు చలిలో కదలక నిలిచిపోయిన లారీలను విప్పి నడిపించిన చేతులవి. రైలు దిగిననాడు బంధువులందరును పూలదండలు వేసిరి. ఆ దండలు వాడి పదునాలుగు నెలలైనది. పింఛను వచ్చుచున్నది గాని, ఇద్దరు బిడ్డల చదువునకును ఇంటి అప్పునకును అది చాలదు. పని యడిగినచోటనెల్ల ఒక్కటే మాట: "మిలిటరీవారా? గేటువద్ద కావలిపని యున్నది." కావలిపని తక్కువదని మేమనుటలేదు. కాని నేర్చిన విద్య నెవ్వరును అడుగకుండుటయే ఆయనను క్రుంగదీసినది. ఇంట మాటాడుటయే మానివేసిరి.

సైనికుల యూరిలో ఈ చిక్కునకు త్రోవ తెలిసినవారుందురని మావారు చెప్పగా, వదినెగారిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి. అన్నగారు రానొల్లరైరి.

భీమవరమునుండి బస్సులో తాడేపల్లిగూడెము చేరితిమి. రెండవ మహాయుద్ధకాలమున విమానములు దిగుటకై ఆ పట్టణమున పొడవైన బాట నిర్మించిరి. అచ్చటినుండి ఆటోలో పోవుచుండగా దారిపొడవున వరిచేలలో స్త్రీలు దాళ్వా నాట్లు వేయుచుండిరి. మాధవరమున దిగగానే ఒక తల్లి "కెప్టెన్! ఇటురా!" యని కేకవేసినది. వచ్చినవాడు అయిదేండ్ల బాలుడు! ఆ యూర బిడ్డలకు సైనికోద్యోగముల పేళ్లు పెట్టుట వాడుకయట.

గ్రామమునందలి యుద్ధస్మారకమునకు నమస్కరించితిమి. ఈ యొక్క యూరినుండి మొదటి మహాయుద్ధమునకు 90 మందియు, రెండవదానికి వేయిమందికి పైగాను పోయిరని చెప్పుదురు. ఈ రెండు యుద్ధముల నడుమ 1928వ సంవత్సరమునాటికి ప్రభుత్వమువారు పాత మద్రాసు రెజిమెంటునే యెత్తివేసి, రెండవ యుద్ధము వచ్చిన పిమ్మట మరల నిలిపిరి. అక్కఱ తీరినపిదప సైనికుడు పని వెదకికొనుట నేటి కథ కాదని మాకు తోచినది.

ఒక విశ్రాంత సుబేదారుగారి భార్య మమ్ము లోనికి పిలిచి మజ్జిగ యిచ్చిరి. అరువది దాటిన ఆమెను పిన్నిగారని పిలిచితిమి. "మావారు వచ్చిన క్రొత్తలో చేతిసొమ్ముతో కిరాణాదుకాణము పెట్టి, రెండేండ్లలో పోగొట్టినారు. ఆజ్ఞయిచ్చుట నేర్చినవారికి బేరమాడుట వచ్చునా?" అని నవ్విరి. పిమ్మట వదినెగారివంక తిరిగి, "మీవారికి ఏమి పని వచ్చునమ్మా?" అని యడిగిరి.

"మిలిటరీలో చేసినారండి."

"అది ఎక్కడ చేసినారో చెప్పినావు. ఏమి చేసినారో చెప్పలేదు."

వదినెగారు నిరుత్తరులైరి. మేమును అంతే. పదునేడేండ్లలో మేమా ప్రశ్న అడిగి యెరుగము.

"డిశ్చార్జి పుస్తకములోని మాటలు సైన్యమువారికే తెలియును. వానిని లోకము మాటలలో నీవు వ్రాయుము" అని ఆమె కాగితము, కలము తెచ్చియిచ్చిరి. వదినెగారు అక్కడనే కూర్చుండి అన్నగారికి ఫోను చేసిరి. ఏయే యింజనులు విప్పితిరి? మీ క్రింద ఎందరు పనివారుండిరి? ఎందరు కుఱ్ఱవాండ్రకు పని నేర్పితిరి? ఆయన మొదట ముక్తసరిగా చెప్పిరి. తరువాత ఆగలేదు. ముప్పావుగంట గడచినది. ఇంటికి వచ్చినది మొదలు ఆయన అంతసేపు మాటాడుట అదియే ప్రథమము. వదినెగారు వ్రాయుచునే పైటచెరగుతో కన్నులొత్తుకొనిరి.

పిన్నిగారు చెప్పిన తక్కిన మాటలను అక్కఱగల సోదరీమణులకొఱకు వ్రాయుచున్నాము. ఇల్లు చేరగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున పేరు వ్రాయించుకొనవలెను. కేంద్రప్రభుత్వపు గ్రూపు-సి కొలువులలో నూటికి 10, మన ఆంధ్రప్రదేశ్ కొలువులలో నూటికి 2 మాజీ సైనికులకు కేటాయింపబడినవి. పదవతరగతి ముగించి పదునైదేండ్లు సేవచేసినవారిని, పట్టముతప్ప వేరు ప్రత్యేకవిద్య కోరని గ్రూపు-సి కొలువులకు పట్టభద్రులతో సమానముగా నెంతురు. వయసునుండి సేవచేసిన యేండ్లను, మఱి మూడేండ్లను తీసివేసి లెక్కింతురు. ఇన్ని యున్నను, పరీక్షలకు ముందుగా సిద్ధపడక పోగొట్టుకొనువారు పలువురట. కావున సేవ ముగియుటకు రెండేండ్లు ముందే పూనుకొనవలెనని ఆమె హెచ్చరించిరి.

తిరిగివచ్చునపుడు మాకు విరాటపర్వము జ్ఞప్తికి వచ్చినది. యుద్ధవీరులైన పాండవులు పరుల కొలువు వెదకికొని పోయినపుడు, భీముడు వంట వచ్చుననెను, నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను చూచుట యెరుగుదుమనిరి. బృహన్నలకు నాట్యము దక్కినది. విరాటుడు వారి నేర్పు తెలిసికొని తగిన పని యిచ్చెనే గాని, భుజములు చూచి అందఱను వాకిటి కావలికి పంపలేదు.

ఈ విషయము ముందుముందు మఱింత బరువగును. 2022వ సంవత్సరమున ప్రకటింపబడిన అగ్నిపథ పద్ధతినిబట్టి చేరినవారికి సేవ నాలుగేండ్లే. అప్పటి నియమము ప్రకారము నూటికి 25కు మించకుండ సైన్యమున నిలుపుకొందురు. తక్కినవారికి సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధి యిచ్చి పంపుదురు. పింఛను లేదు. పిన్నవయసు కుఱ్ఱవాండ్రు మన యిండ్లకు తిరిగివత్తురు.

వదినెగారు వ్రాసిన కాగితమును చూచి ఒక లారీల కర్మశాలవారు చేతిపని చూపుటకు రమ్మని అన్నగారికి కబురంపిరి. ఫలితమింకను తెలియదు. కాని పోవునాడు ఆయన తమ పాత పనిముట్ల సంచి తామే దులిపి తీసికొనిరి.

సోదరీమణులారా! మీ వీధికి ఒక సైనికుడు తిరిగివచ్చిననాడు పూలదండ తప్పక వేయుడు. వేసిన పిమ్మట, "అన్నా, నీకేమి పని వచ్చును?" అని యడుగుట మఱువకుడు.