అండమాన్ చెప్పిన వ్యాకరణ పాఠం

లాటిన్ నేర్చుకోదలచినవారికి వ్యాకరణ గ్రంథాల కొరత లేదు. విభక్తులనూ క్రియారూపాలనూ పట్టికలుగా వల్లె వేయించే పద్ధతి కావాలంటే కెనడీ పేర 1888లో వెలువడిన ప్రైమరు ఉంది. కథ చదివిస్తూ, సందర్భం నుంచే అర్థాన్ని గ్రహింపజేసే పద్ధతి నచ్చితే డెన్మార్కు పండితుడు ఓర్‌బెర్గ్ ఆద్యంతం లాటిన్‌లోనే రచించిన పాఠ్యగ్రంథం ఉంది. ఒకటి కుదరకపోతే మరొకటి తీసుకోవచ్చు. ఎంపికలో పొరపాటు జరిగితే విద్యార్థికి కొన్ని నెలలు వృథా అవుతాయి. లాటిన్‌కు మాత్రం లోటేమీ రాదు. వర్జిల్ కావ్యాలూ, సిసిరో ఉపన్యాసాలూ భద్రంగానే ఉంటాయి.

అయితే, ఒకటి రెండు పుస్తకాలే ఒక భాషకు మిగిలిన ఆధారమైన చోట, మంచి వ్యాకరణానికి లక్షణమేమిటన్న ప్రశ్న బరువెక్కుతుంది. అటువంటి చోటు అండమాన్ దీవులు.

1858లో బ్రిటిషువారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పేనాటికి గ్రేట్ అండమాన్‌లో పది తెగలవారు పరస్పర సంబంధం గల భాషలు మాట్లాడేవారు. ఎడ్వర్డ్ హొరేస్ మాన్, రిచర్డ్ టెంపుల్ అనే ఇద్దరు ఉద్యోగులు దక్షిణ అండమాన్ భాషను శ్రద్ధగా అభ్యసించారు. క్రైస్తవుల ప్రభు ప్రార్థనను అందులోకి అనువదించి 1877లో కలకత్తాలో ప్రచురించారు. లాటిన్ నుంచి ఇంగ్లీషు వ్యాకరణానికి సంక్రమించిన పాత అరలు ఈ భాషకు చాలవని వారికి త్వరలోనే తెలిసివచ్చింది.

ఆ భాషలో 'బేరింగ' అంటే మంచి. దాని ముందు చేతికి సంబంధించిన 'ఉన్' చేరితే పనిలో నేర్పరి అని అర్థం. కంటికి సంబంధించిన 'ఇగ్' చేరితే చురుకైన చూపు గలవాడు. నోటికి సంబంధించిన 'అకా' చేరితే భాషల్లో దిట్ట. తలకూ గుండెకూ సంబంధించిన 'ఓత్' చేరితే గుణవంతుడు. వైద్యుని హస్తవాసి మంచిదని మెచ్చుకొనే తెలుగువారికి, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్మే తెలుగువారికి, ఈ ఊహ కొత్తది కాదు. తెలుగులో నుడికారంగా నిలిచినది అక్కడ వ్యాకరణమైంది.

లండన్ ఫైలలాజికల్ సొసైటీ అధ్యక్షుడు అలెగ్జాండర్ ఎల్లిస్ 1882లో ఈ భాషను పరిశీలించి, ఇటువంటి వాటికి కొత్త పరిభాష కావాలన్నాడు. మరుసటి ఏడే టెంపుల్ ఒక నూతన వ్యాకరణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఆ సిద్ధాంతం స్థిరపడలేదు. భాషను పాత అచ్చులో ఇరికించకూడదన్న గ్రహింపు మాత్రం విలువైనది.

తెలుగుకూ ఈ అనుభవం ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతబోధకుడు 1728లో తెలుగు వ్యాకరణాన్ని లాటిన్‌లోనే రచించాడు. సంస్కృత పరిభాషలో నడిచిన తెలుగు లాక్షణికులు సైతం లింగ విషయంలో సంస్కృతపు దారిని విడిచారు. 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అన్నప్పుడు క్రియ ఒక్కటే. 'పురుషులు వచ్చారు', 'స్త్రీలు వచ్చారు' అన్నప్పుడూ ఒక్కటే. పుంలింగ, స్త్రీలింగ, నపుంసకలింగాలు దీనికి సరిపోవు గనుకనే మహత్తు, మహతి, అమహత్తు అనే విభాగం ఏర్పడింది. 1858లో వెలువడిన చిన్నయ సూరి బాలవ్యాకరణం తరతరాల విద్యార్థులకు దీనిని బోధించింది.

కనుక ఏ భాషకైనా వ్యాకరణాన్ని ఎంచుకొనేవారు మొదట విషయసూచిక చూడాలి. అన్ని భాషలకూ ఒకే వరుస అధ్యాయాలు అమర్చిన పుస్తకాన్ని కొంత అనుమానించాలి. తరువాత ఉదాహరణలు చూడాలి. అవి ఆ భాషీయులు నిజంగా పలికే వాక్యాలా, సూత్రం కోసం అల్లినవా అన్నది రెండు పుటలు చదివితే తెలుస్తుంది. చివరగా, సూత్రానికి లొంగని ప్రయోగాలను గ్రంథకర్త దాచాడో, చూపాడో గమనించాలి.

ఈ పరీక్షకు నిలిచే పుస్తకం అండమాన్‌కు చాలా ఆలస్యంగా లభించింది. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు అన్వితా అబ్బి 2005 నుంచి, గ్రేట్ అండమానీ తెలిసిన కొద్దిమంది చెంత కూర్చొని వారి మాటలు రాసుకొన్నారు. శరీరాన్ని ఏడు భాగాలుగా చూసే దృష్టి నామాలకే పరిమితం కాక క్రియలలోనూ విశేషణాలలోనూ వ్యాపించి ఉందని నిరూపించారు. ఆమె నిఘంటువు 2012లోనూ, వ్యాకరణం 2013లోనూ అచ్చయ్యాయి.

ఆమెకు భాష చెప్పినవారిలో ఒకరైన బోవా సీనియర్ ఆ పుస్తకాలను చూడలేదు. 2010 జనవరి 26న ఆమె కన్నుమూయడంతో బో భాష తెలిసినవారు లేకుండాపోయారు. ఆ తెగల సంతతి నేడు ఇళ్లలో ప్రధానంగా హిందీ మాట్లాడుతున్నది. వారిలో ఏ పిల్లకో, పిల్లవాడికో పూర్వుల భాష నేర్వాలని బుద్ధి పుడితే సందేహం తీర్చే అవ్వ ఉండదు. ముందుతరం గొంతుల రికార్డులు వినాలి, ఆ వ్యాకరణం తెరవాలి.