ఇల్లు అదే, పన్ను ఎందుకు పెరిగింది?

ఏంటి వదినా, పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని దిగులుగా కూర్చున్నారు? ఇంటి పన్ను నోటీసా? ఇలా ఇవ్వండి, చూస్తాను. మన మధ్య గోడ తడిగా ఉంది, కాస్త పైకెత్తి అందించండి.

ఇల్లు అదే, గదులు అవే, పన్ను మాత్రం ఏటా ఎందుకు పెరుగుతోందనే కదా మీ బాధ? మన ఆంధ్రా పట్టణాల్లో 2021 దాకా, ఇంటికి అద్దె ఎంత పలుకుతుందో చూసి పన్ను వేసేవాళ్లు. ఇప్పుడు ఇంటి విలువే లెక్క. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గజానికి ఎంత రాసి ఉందో అది స్థలానికి, చదరపు అడుక్కి ఎంతో అది కట్టడానికి. పాత ఇల్లయితే తరుగుదల తీసేస్తారు.

వంద గజాల ఇల్లు అనుకోండి. గజం పదివేల చొప్పున స్థలం 10 లక్షలు. తరుగుదల పోను కట్టడం 8 లక్షలు. మొత్తం 18 లక్షలు. కాపురం ఉండే ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం లోపు ఎంతన్నది మున్సిపాలిటీ తేలుస్తుంది. 0.15 అనుకుంటే ఏడాదికి 2,700 రూపాయలు, ఆరు నెలలకి 1,350.

మరి మీకు ఒక్కసారే అంత ఎందుకు రాలేదంటారా? పాత ఇళ్లకు ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని హద్దు పెట్టారు. పాత పన్ను 1,200 అయితే మరుసటి ఏడు 1,380, ఆ పై ఏడు 1,587, తర్వాత 1,825. అలా 2,700 దాకా ఎక్కుతూనే ఉంటుంది. మధ్యలో రిజిస్ట్రేషన్ విలువ పెంచారంటే ఆ 2,700 కూడా ఇంకా పైకి పోతుంది. నాకైతే ఇది నచ్చలేదు వదినా. పింఛను మీద బతికే పెద్దవాళ్లు ఇల్లు అమ్ముకోరు కదా. వీధిలో స్థలాల రేటు పెరిగిందని వాళ్ల చేతికి రూపాయి వస్తుందా?

హైదరాబాదులో మా అమ్మాయి వాళ్లకి ఇప్పటికీ అద్దె లెక్కే.

మీ నోటీసులో అసలు చూడాల్సింది ఇక్కడ, ఈ గడులు. కట్టడం కొలత ఎంత రాశారు? టేపు పట్టుకుని మీరే ఓసారి కొలవండి. వాడకం అన్నచోట నివాసం అని ఉందా, దుకాణం అని ఉందా? దుకాణాలకు 0.20 నుంచి 2 శాతం దాకా వేస్తారు. ముందుగదిలో ఎప్పుడో నడిపి మూసేసిన కొట్టు ఇంకా కాగితం మీద ఉందేమో చూడండి. తేడా కనిపిస్తే ఊరుకోకండి. కొలతలు, పాత రసీదులు జతచేసి, నోటీసులో ఇచ్చిన గడువులోపే వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి.

అన్నీ సరిగ్గా ఉంటే మాత్రం ఏప్రిల్ దాటనివ్వకండి. ఆ నెలలో ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు.