ఓదార్పు ఎన్నిసార్లు?

బిడ్డను పోగొట్టుకున్న తల్లుల నిమిత్తం నేనొక చిన్న వ్యాసం వ్రాశాను. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేముందు మా యౌవనస్థుడొకడు కంప్యూటర్‌తో మాటలు లెక్కపెట్టించాడు. “అయ్యగారూ, 300 మాటల్లో ‘ఓదార్పు’ 3 సార్లే వచ్చింది. నూటికి ఒకటి. పెంచకపోతే వెదికేవారికి దొరకదు” అన్నాడు.

నాకు వింతగా తోచి, వేలుపెట్టి లెక్కించాను. 9 ఉన్నాయి! ఓదార్పుకు, ఓదార్పులో, ఓదార్పునిచ్చే... మన విభక్తులు చేరేసరికి ఆ యంత్రానికవి వేరే మాటలైపోయాయి. అయినా కుర్రవాడి మాట కాదనలేక మరో 10 చోట్ల ఇరికించాను.

సాయంత్రం మా ఇంటావిడ చదివింది. ఏడేళ్ల క్రితం మేమూ ఒక పసిబిడ్డను సమాధి చేశాం. సగంలోనే కాగితం ప్రక్కన పెట్టి, “ఇది నాతో మాట్లాడడం లేదండీ” అంది.

ఒకే మాటను ఇలా కుక్కడాన్ని గూగుల్ తన నియమాల్లో తప్పుగానే ఎంచుతుందని తరువాత తెలిసింది. పేజీ వెనుక దాచే ముఖ్యపదాల పట్టికను లెక్కచేయమని 2009లోనే చెప్పిందట!

ఆ పదీ కొట్టివేశాను. వెదికే తల్లికి గుర్తుగా శీర్షికలో మాత్రం ఒకటి చేర్చాను. ఈ ఉదయం మళ్లీ ఆమె చేతికిచ్చాను. చదువుతోంది, ఇంకా ఏమీ అనలేదు.