గిజిగాని కాలి దారము

మా నగరిలో మరమగ్గముల చప్పుడు వినబడని వీథులు కొన్నియే. తెగిన దారపు ముక్కలు కాలువలయందును ముండ్లకంచెలయందును చిక్కుకొనియుండుట మేము నిత్యము చూచునదే. అవి పక్షుల జోలికి బోవునని మాత్రము క్రిందటి వానకాలమువఱకు మాకు దోచలేదు.

ఊరిబయట నొక బావిగట్టున ఈతచెట్టు కలదు. దానికి గిజిగాండ్రు గూళ్లు కట్టుచున్నవని విని మావారును మఱిదియు కెమెరాతో బయలుదేఱగా మేమును వెంట నడచితిమి. జాషువా కవిగారి గిజిగాని ఖండికను చిన్ననాడే కంఠస్థము చేసితిమి గాని, ఆ పక్షి పనిచేయుచుండగా కన్నులార జూచుట అదియే మొదలు. గూడు కట్టునది మగపక్షి. పచ్చి గడ్డిపోచలను, ఈతాకు చీలికలను ముక్కున గఱచి తెచ్చి అల్లును. గూడు సగమై టోపివలె వ్రేలాడునప్పుడు ఆడుపక్షి వచ్చి పరీక్షించును. ఆమెకు నచ్చెనా, మిగిలిన పని సాగును. లేదా, ఆ గూడంతే. ఇల్లు కట్టించు మగవారెల్లరు ఇచ్చట నొక్కదినము కూర్చుండవలెనని మేమనగా మావారు నవ్వి యూరకుండిరి.

గూటికి చేరువగా బోయిన పక్షులు బెదరునని దూరమున కంపచెట్ల చాటున గూర్చుంటిమి. ఱెక్కలాడించు పక్షి మసకబాఱకుండుటకు కెమెరా కన్ను సెకనులో వేయవవంతు మాత్రమే తెఱచుకొనునట్లు మఱిది యమర్చెను. వెనుక మబ్బు తెల్లగా నుండుటచే పక్షి నల్లబడుచుండ, వెలుతురు కొంత హెచ్చించెను. నాలుగువందల పటములలో నొక్కటి కుదిరెను.

ఆ రాత్రి కంప్యూటరుముందు దిద్దుబాటు మొదలయ్యెను. అంచులు కత్తిరించెను, నీడలను తేలికపఱచెను. ఇంతవఱకు మాకు నాక్షేపణ లేదు, పులుసులో నుప్పు సరిచూచుకొనుట వంటిదే గదా! తరువాత పటమును పెద్దది చేయగా పక్షి కాలికి ఎఱ్ఱని దారము చుట్టుకొనియుండెను.

"ఇది పటమునకు మచ్చ, వదినా" అని మఱిది మీట నొక్కెను. దారము మాయమయ్యెను. దానితో నొక వ్రేలును బోయి, ఆ చోట యంత్రము కల్పించిన గోరులేని వ్రేలొకటి మొలచెను.

మఱునాడు చూచిన బంధువులందఱు మెచ్చిరి. వ్రేళ్లు లెక్కించినవారు లేరు. లండనులోని ప్రకృతిచరిత్ర మ్యూజియమువారి పోటీలో 2009లో బహుమతి నందిన తోడేలు పటమును, అది మచ్చికచేసిన తోడేలని నిర్ణయించి 2010లో తొలగించిరనియు, అందు ఉన్న వస్తువును తుడుచుటగాని లేనిదానిని చేర్చుటగాని కూడదనియు మాకు జెప్పినవాడు ఈ మఱిదియే. అడుగగా, "నేను పోటీకి పంపుట లేదు గదా" అనెను.

మా బాధ పోటీని గూర్చినది కాదు. ఆ దారము మా వీథిది. మేము ఊడ్చి పాఱవేసిన కసవులోనిదే కావచ్చును. అది పటమునుండి పోయినదేగాని కాలినుండి పోలేదు.

మూడవనాడు బావికడకు బోతిమి. సగము గూడు ఎండుచుండెను. చాలసేపు వేచియుంటిమి, దాని యజమాని రాలేదు. ఆడుపక్షి కాదన్నదో, కాలి దారమే యేమైన చేసినదో!

మఱిదితో వాదించి దారముగల మొదటి పటమునే అచ్చువేయించి కూడములో దగిలించితిమి. పక్కింటి యక్కగారు చూచి, "ఇంత చక్కని బొమ్మలో ఆ దారమెందుకమ్మా, తీసివేయరాదా?" అనిరి. గూళ్లు ఖాళీయైన పిమ్మట ఆమెను ఈతచెట్టుకడకు దీసికొనిపోతిమి. ఇద్దఱము కలిసి ఆ కంపలనుండి విప్పి తెచ్చిన దారము ఒక చేటకు నిండినది.