వైపర్ ఆగితే మోటారే పోయినట్టు కాదు



మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పుల ముచ్చట్లే వస్తయి. నేను ఈసారి వైపర్ స్విచ్ గురించి రాస్తున్న. నవ్వకండి. మన ఇండ్లల్ల ఆటోనో ట్రాలీనో నడిపేటోళ్లు ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు. వానకాలం వైపర్ ఆగితే ఆ రోజు కిరాయి పోయినట్టే. కిస్తీ మాత్రం ఆగదు.

మా బావ ఉట్నూరు దిక్కు నుంచి చిన్న ట్రాలీల సామాన్లు తెస్తడు. మొన్న జులైల వారాసిగూడల మా రూంకు వచ్చిండు. వైపర్ ఫాస్ట్‌ల పెడితే మంచిగ తిరుగుతుంది, స్లోల పెడితే ఈడ్చుకుంట సగం పోయి ఆగుతుంది. దారిల ఒక షెడ్డుల చూపిస్తే చూడంగనే "మోటార్ పోయింది, మార్చాలె" అన్నరట. మోటార్ అంటే బావకు రెండు ట్రిప్పుల మిగులు. ఆ రాత్రే తిరిగి పోవాలె. నిర్మల్ దాటినంక ఘాట్ రోడ్డు, పైన వాన.

నేను ఓయూల ఫిజిక్స్ చదువుతున్న. కోఠి గుజరాతీ గల్లీల కొన్న పసుపు రంగు మల్టీమీటర్ ఒకటి ఉంది. "బామ్మర్దీ, గిది బల్బులు చూసేదా?" అన్నడు బావ.

మీటర్ తీసేముందు కొంచెం ఆలోచించాలె. ఫాస్ట్‌ల తిరుగుతుందంటే ఫ్యూజ్ బాగుంది, ఎర్త్ బాగుంది, గేర్లు పట్టెయ్యలేదు. రెండు స్పీడ్ల మోటార్‌ల సాధారణంగా మూడు బ్రష్‌లు ఉంటయి: ఒకటి ఉమ్మడి, ఒకటి స్లోకు, ఒకటి ఫాస్ట్‌కు. అంటే లోపం స్లో బ్రష్‌లనన్న ఉండాలె, స్లో వైరులనన్న, స్విచ్‌లనన్న.

స్విచ్ కనెక్టర్ పీకి కంటిన్యూటీ చూసిన. స్లోల పెట్టంగనే మీటర్ కుయ్ అన్నది. చాలామంది ఇక్కడనే ఆగి "స్విచ్ మంచిదే" అంటరు. కానీ ఆ కూతను నమ్మొద్దు. మీటర్ పంపేది మిల్లీఆంపియర్లల్ల కరెంటు. వైపర్ గుంజేది ఆంపియర్లల్ల. కాలిన కాంటాక్టు మా గూడెం బాట లెక్క: మనిషి నడిచిపోతడు, ట్రాలీ దిగబడుతుంది.

అందుకే లోడ్ మీద కొలవాలె. కనెక్టర్ మళ్ల పెట్టి, అద్దం మీద నీళ్లు పోసి (ఎండిన అద్దం మీద రుద్దుకుని బరువైతది), తాళం తిప్పి స్లోల పెట్టినం. మీటర్ 20 వోల్టుల డీసీల ఉంచి, ఎర్ర పిన్ను స్విచ్‌లకు కరెంటొచ్చే కాడ, నల్ల పిన్ను మోటార్‌కు పోయే స్లో వైరు కాడ, కనెక్టర్ వెనక నుంచి ఆనించిన. మంచి స్విచ్ అయితే దాదాపు సున్నా చూపాలె, మహా అయితే 0.2, 0.3. ఇది 6.1 చూపింది! ఫాస్ట్ వైరు మీద 0.2. బ్యాటరీ 12.4. అంటే వచ్చిన వోల్టేజిల సగం స్విచ్చే తింటుంది, మోటార్‌కు మిగిలింది సగమే. ఓం సూత్రం రికార్డుల ఎన్నిసార్లు రాసినమో లెక్కలేదు గానీ, గల్లీల బండి కింద కూసొని చూసింది అదే మొదటిసారి.

స్విచ్ మీద సున్నా దగ్గరుండి, మోటార్ కాడ నిండుగా 12 వస్తున్నా తిరగకపోతే, అప్పుడు షెడ్డు మాటే నిజం. కొలిచినంక అంటే నాకు పేచీ లేదు.

రాణిగంజ్‌ల సెకండ్‌హ్యాండ్ స్విచ్ దొరికింది. వేసినంక 0.1. పాతది విప్పితే స్లో కాంటాక్టు బొగ్గు లెక్క నల్లగ ఉంది. మోటార్ ముట్టనే లేదు. బావ చీకటి పడకముందే బయలెల్లిండు.

రెండు జాగ్రత్తలు. వోల్టులు కొలిచేటప్పుడు ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంల ఉండొద్దు, షార్ట్ అయితది. స్టీరింగ్‌ల ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లల్ల స్టీరింగ్ విప్పుడు మనతోని కాదు, దాని జోలికి పోకండి.

మీటర్ నా రూంలనే ఉంటది. ఓయూ, తార్నాక దిక్కు ఎవరికి కావాలన్నా మెసేజ్ పెట్టండి, ఇస్త. అండ్ల 9 వోల్టుల బ్యాటరీ అయిపోవచ్చింది, అది మీరే తెచ్చుకోవాలె.